ఎవరి చెయ్యీ లేని అంకె

ఒక ఊళ్ళో నూరు ఇళ్ళున్నాయి. ఊరి నుంచి బయటికి పోయే దారి ఒక్కటే, లోయ మీద వేలాడే తాళ్ళ వంతెన. ఆ వంతెన తాళ్ళు రోజూ ఎక్కడో ఒకచోట ఒరుసుకుపోతాయి. అందుకని రోజూ పొద్దున్నే ఒక మనిషి బుట్టలో కూర్చుని వంతెన కిందికి దిగాలి, వదులైన ముళ్ళు విప్పి మళ్ళీ గట్టిగా కట్టి రావాలి. లోయ ఎంత లోతో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు. తెలుసుకున్నవాళ్ళు ఇద్దరున్నారు గానీ ఆ ఇద్దరూ పైకి రాలేదు.

అంచేత ఆ ఊళ్ళో తెల్లవారేసరికి ఒకటే ప్రశ్న. ఇవాళ ఎవరి వంతు?

వరసగా ఇంటికొక రోజు వేసుకుంటే పోలేదా అని మీరంటారు. మీకంటే ముందు వాళ్ళే అనుకున్నారు, వేసుకున్నారు కూడా. తన వంతు ఫలానా రోజని ముందే తెలిస్తే మనిషి ఊరుకుంటాడా! సరిగ్గా ఆ రోజుకి ఒకడికి చలిజ్వరం, ఒకడికి నడుం పట్టేసింది, ఇంకొకడి మేనత్త అవతలి ఒడ్డున కళ్ళు మూసింది. ఒకే మేనత్త మూడుసార్లు పోయాక ఊరు ఆ పద్ధతి మానుకుంది.

తర్వాత ఊరిపెద్ద వేలు పెట్టి చూపించడం మొదలెట్టాడు. ఆయన వేలు ఆయనకి గిట్టని ఇళ్ళవైపే తిరిగేది. అదీ పోయింది. కుండలో చీటీలు వేసి తీశారు. తీసేవాడి చెయ్యి మీద అనుమానం వచ్చింది. కళ్ళకి గంతలు కట్టారు. గంతలు పలచగా ఉన్నాయన్నారు. చివరికి జోస్యం చెప్పే చిలకని తెచ్చి దాని ముక్కుతో తీయించారు. నెల తిరక్కుండానే ఆడవాళ్ళు ఒక సంగతి కనిపెట్టారు. చీటీకి కాస్త ఇంగువ రాస్తే చిలక దాని జోలికి పోదు. ఇంకేముంది, వారం తిరిగేసరికి చీటీలన్నీ ఇంగువ కంపే. చిలక మొహం తిప్పుకుని కూర్చుంది.

అప్పుడు లెక్కల పంతులు లేచాడు. పంతులు మంచివాడే, కాకపోతే తన తెలివంటే తనకి కాస్త ముచ్చట ఎక్కువ.

"మనిషి చెయ్యీ పక్షి ముక్కూ ఉన్నంతకాలం ఈ గోల తప్పదు. అంకెనే అడుగుదాం. అంకెకి చుట్టాల్లేరు, పగలు లేవు, ఇంగువ వాసన తెలీదు," అన్నాడు.

"అంకెని ఎలా అడుగుతారండీ?" అన్నాడు ఊరిపెద్ద.

పంతులు చావడి అరుగు మీద పలక పెట్టి చూపించాడు. నిన్నటి అంకెని తీసుకుని దానితోనే దాన్ని గుణించాలి. వచ్చిన దాంట్లో నాలుగు అంకెలుండాలి, తక్కువైతే ముందు సున్నాలు పెట్టుకోవాలి. అటు చివరది కొట్టెయ్యాలి, ఇటు చివరది కొట్టెయ్యాలి. మధ్యలో మిగిలిన రెండూ ఇవాళ్టి అంకె. ఆ అంకె ఎవరి గుమ్మం మీద ఉంటే వాళ్ళు దిగాలి. నలభై రెండుని నలభై రెండుతో గుణిస్తే పదిహేడు వందల అరవై నాలుగు. ఒకటీ నాలుగూ పోతే డెబ్భై ఆరు. అంతే.

జనానికి తెగ నచ్చింది. కళ్ళముందే లెక్క, దాచడానికేం లేదు, ఎవడైనా చేసి చూసుకోవచ్చు. ఆ సాయంత్రమే ఎర్రమన్ను కలిపి గుమ్మాల మీద అంకెలు వేసేశారు. తొంభై తొమ్మిది ఇళ్ళకీ బాగానే కుదిరింది. నూరో ఇల్లు ఊరి చివర ఖాళీగా పడుంది. నూరంటే మూడంకెలు, లెక్కలో మిగిలేవి రెండే. అందుకని దాని గుమ్మం మీద రెండు సున్నాలు చుట్టేసి చేతులు దులుపుకున్నారు. ఎలాగూ అందులో ఎవరూ లేరుగా!

"మరి మొదలు ఎక్కణ్ణుంచి?" అన్నాడు ఊరిపెద్ద.

"నలభై రెండు," అన్నాడు పంతులు తడుముకోకుండా.

"అదే ఎందుకు?"

"ఎక్కడో ఒకచోట మొదలెట్టాలి కదండీ."

నిజమేనని అందరూ తలలూపారు. నలభై రెండో ఇంటివాడు మాత్రం ఊపలేదు.

ఆ రోజు ఊరంతా వంతెన తాడు పట్టుకుని ఒట్టేసుకుంది. ఈ అంకెలో ఎవరూ, ఎప్పుడూ, ఏ కారణంతోనూ చెయ్యి పెట్టకూడదు.

మొదటి రోజుల్లో సరదాగానే గడిచింది. తెల్లారేసరికి ఊరంతా చావడి ముందు మూగేది. డెబ్భై ఆరు పడింది. మర్నాడు డెబ్భై ఏడు పడేసరికి గొడవైంది, పక్కపక్క ఇళ్ళు వరసగా ఎలా వస్తాయి, ఇందులో ఏదో మతలబుందన్నారు. పంతులు లెక్క చేసి చూపించాడు, నోళ్ళు మూతపడ్డాయి. తర్వాత తొంభై రెండు, నలభై ఆరు. అక్కణ్ణుంచి పదకొండు, పన్నెండు, పధ్నాలుగు, పంతొమ్మిది. అంకె మెట్లెక్కుతోంది చూడండని ఒకాయన కొత్త సిద్ధాంతం చెప్పాడు, మర్నాడు ఇరవై పైన ఎంత పడుతుందో కూడా చెప్పాడు. ముప్పై ఆరు పడింది. ఆయన ఆ రోజంతా ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆ ముప్పై ఆరు పడిన రోజునే ఇద్దరు మొగుడూ పెళ్ళాం నెత్తిన తుంగ మోపులతో వంతెన దాటి వచ్చారు. తుంగని చీల్చి, రంగు పట్టించి చాపలు నేసి బతికేవాళ్ళు. ఉండటానికి కాస్త చోటు కావాలన్నారు. ఊరు చివరి ఇల్లు చూపించింది. ఖాళీ ఇంట్లో పొయ్యి రాజుకుంది కదా అని అందరూ సంతోషించారు. పంతులొక్కడే ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు.

తర్వాత ఇరవై తొమ్మిది పడింది, ఎనభై నాలుగు పడింది. ఎనభై నాలుగుని గుణిస్తే మధ్యలో సున్నా ఐదు మిగిలింది. ఐదుని గుణిస్తే ఇరవై ఐదు, ముందు రెండు సున్నాలు పెట్టుకుంటే మధ్యలో సున్నా రెండు. రెండుని గుణిస్తే నాలుగు. నాలుగుకి ముందు మూడు సున్నాలు. అటు చివరిదీ ఇటు చివరిదీ కొట్టేస్తే మిగిలింది సున్నా, సున్నా.

చాపలతను బుట్టెక్కాడు. కొత్తగా వచ్చినవాళ్ళకే పడింది పాపమని ఊరంతా జాలిపడింది. అతను చక్కగా ముళ్ళు కట్టి పైకి వచ్చాడు.

మర్నాడు పంతులు సున్నాని సున్నాతో గుణించాడు.

మీరు నవ్వుతారు గానీ ఆ పొద్దున చావడి ముందు ఎవరూ నవ్వలేదు. పంతులు నుదుటి మీద చెమట పట్టింది. పలక మీద నాలుగు సున్నాలు వేసి, అటు చివరిదీ ఇటు చివరిదీ కొట్టేసి, మిగిలిన రెండు సున్నాలూ పైకి చదివాడు. చాపలతను మళ్ళీ బుట్టెక్కాడు.

మూడో రోజూ సున్నా, నాలుగో రోజూ సున్నా. వారానికి ఊళ్ళో కథలు పుట్టాయి. తొంభై తొమ్మిదో ఇంటివాడైతే చాపలతను పోయిన జన్మలో ఎక్కడో వంతెన తెగ్గొట్టి ఉంటాడని తేల్చేశాడు. ఆ జన్మలో తను పక్కనుండి చూసినట్టే చెప్పేవాడు. ఒకళ్ళిద్దరు ఇదేం న్యాయమని నసిగారు. వాళ్ళకి ఒట్టు గుర్తుచేశారు. అంకె పలికింది, మనమెవరం మార్చడానికి?

పదో రోజుకి ఇంకొకటి జరిగింది. దీన్ని ఎవరూ పైకి అనలేదు. చావడి దగ్గర జనం పలచబడ్డారు. ఎవరి వంతో తెలిశాక పొద్దున్నే లేవడం దేనికి? తొంభై తొమ్మిది ఇళ్ళవాళ్ళూ ఎండ మొహాన పడేదాకా హాయిగా పడుకునేవాళ్ళు. పాపం, చెడ్డవాళ్ళేం కాదు. చాపలతనికి ఒకరు మజ్జిగ పంపేవాళ్ళు, ఒకరు అరచేతులకి రాసుకోమని ఆముదం పంపేవాళ్ళు. అతనికి పళ్ళెంలో పెట్టి అన్నీ ఇచ్చారు, ఒక్క రోజు సెలవు తప్ప.

అరచేతులు పుండ్లైపోయాయి. ముద్ద కలపలేక చెంచాతో తినేవాడు. తుంగ చీల్చడం ఎప్పుడో మానేశాడు. ఒకరోజు కింద ముడి బిగిస్తుంటే కుడిచెయ్యి జారింది, ఎడమ చేత్తో పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఇంటికొచ్చి భార్యకి చెప్పకుండా దాచాలనుకున్నాడు. గ్లాసు ఎత్తబోతే చేతిలోంచి జారి నీళ్ళన్నీ ఒళ్ళో పడ్డాయి, ఇంకెక్కడ దాస్తాడు!

"రేపు నేను దిగుతా," అందామె.

"నీకు మేడ మీంచి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఊరుకోవే," అన్నాడు.

ఆమె ఊరుకోలేదు. ఆమెకి ఏడుపు కంటే ముందు ఆరా వస్తుంది, అదొక గుణం. మర్నాడు మొగుడితో పాటు చావడికి వెళ్ళి గోడ మీద ఎర్రమన్నుతో రాసిన పాత అంకెలన్నీ ముందునుంచీ చూసింది. చదువుకోలేదు గానీ అంకెలు గుర్తుపడుతుంది. చాపల్లో వరసలు లెక్కపెట్టేది వాటితోనే కదా. చివరకొచ్చేసరికి సున్నాలు బారులు తీరి ఉన్నాయి. అక్కడే చాలాసేపు నిలబడింది. మధ్యాహ్నం తిన్నగా పంతులింటికి వెళ్ళింది.

"పంతులుగారూ, ఒక్క మాట అడగొచ్చా?"

"అడగమ్మా."

"ఇవాళ్టి అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"నిన్నటి అంకెలోంచి."

"నిన్నటిది?"

"మొన్నటి దాంట్లోంచి."

"దానికి ఇంకేమన్నా కావాలా అండీ? గాలో, వానో, మా ఆయన మొహమో?"

"ఏమీ అక్కర్లేదు. అదే కదమ్మా దాని గొప్ప." పంతులికి ఆ పరిస్థితిలో కూడా కాస్త గర్వం కలిగింది.

"అయితే మొదటిరోజు మీరు పలక మీద నలభై రెండు వేసినప్పుడే ఇవాళ్టి సున్నా కూడా వేసేసినట్టే కదండీ."

పంతులు పక్కనున్న పలక తీసి బోర్లా పెట్టాడు.

"నేను చాపలల్లుతానండీ. మొదటి నాలుగు వరసలు చూశానంటే చివరి వరసలో ఏ రంగు ఎక్కడ పడుతుందో చెప్పేస్తాను. కొనేవాళ్ళకి మాత్రం చాప పరిచాకే తెలుస్తుంది. వాళ్ళు ఆశ్చర్యపోతే నాకు నవ్వొస్తుంది. మీ అంకెలూ అంతేనా?"

పంతులు తల వంచుకున్నాడు. చాలా రోజులుగా లోపల దాచుకున్నది అప్పుడు బయటికొచ్చింది.

"అంతేనమ్మా. ఊళ్ళో చెప్పకముందే ఇంట్లో కూర్చుని నూరు అంకెలూ ఒక్కొక్కటిగా వేసి చూశాను. కొన్ని రెండో రోజుకే ఒకే ఇంటి దగ్గర ఆగిపోతున్నాయి. కొన్ని రెండిళ్ళ మధ్యే అటూ ఇటూ తిరుగుతున్నాయి. అన్నిటికంటే ఎక్కువ రోజులు తిరిగింది నలభై రెండు. పదిహేనో రోజుకి సున్నాలో పడుతుందని తెలుసు. సున్నా ఇంట్లో అప్పటికి ఎవరూ లేరు. ఎవరూ లేని ఇంటి దగ్గర ఆగింది కనక మళ్ళీ కొత్తగా మొదలెడదామని చెప్పొచ్చు అనుకున్నాను."

"మధ్యలో మేమొచ్చాం."

"మధ్యలో మీరొచ్చారు."

"అప్పుడే చెప్పి ఉండొచ్చుగా!"

"చెబితే ముందునుంచీ అన్నీ నాకు తెలుసని తెలిసిపోదా? ఎవరి చెయ్యీ లేదని ఊరి చేత ఒట్టు వేయించిందే నేను."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "మీ లెక్క పరువు నిలబెట్టడానికి ఇరవై రోజులుగా మా ఆయన లోయలో వేలాడుతున్నాడండీ. నిన్న చెయ్యి జారింది. మీకేం, రోజూ గుండ్రంగా రెండు సున్నాలు చుట్టి ఇంటికెళ్ళిపోతారు!"

పంతులు కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె కొంగు బిగించుకుని లేచింది.

"నేను చెబితే సున్నా ఇంటిది గోల పెడుతోందంటారు. రేపు చావడిలో మీరే చెప్పాలి. చెప్పకపోతే రేపటి బుట్ట మీరెక్కండి."

మర్నాడు ఇంటింటికీ తిరిగి అందరినీ లేపాల్సొచ్చింది. కళ్ళు నులుముకుంటూ వచ్చారు. పంతులు దాచకుండా మొత్తం చెప్పాడు. చెప్పడం అయ్యాక అందరూ ఒకేసారి అరిచారు. ఇంతకాలం మనల్ని ఆడించావా అని కొందరు తిట్టారు. తొంభై తొమ్మిదో ఇంటివాడు మాత్రం తాపీగా, "లెక్కయితే తప్పు కాదు కదా, లెక్క తప్పు కానప్పుడు అలాగే పోనిద్దాం," అన్నాడు. చాలామందికి ఆ మాట లోలోపల నచ్చిందని వాళ్ళ మొహాలే చెప్పాయి.

ఊరిపెద్ద చాపలతని చేతులవైపు చూశాడు. అతను వాటిని వీపు వెనక దాచుకున్నాడు. పెద్దాయన ఇక చూడలేకపోయాడు.

"లాభం లేదు, కొత్తగా మొదలెడదాం. ఒక అంకె చెప్పండి."

ఎవరు చెప్పాలి? అక్కడొచ్చింది చిక్కు. పంతులు చెప్పకూడదు, ఏ అంకె ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. పెద్దాయన చెబితే పాత వేలే మళ్ళీ వచ్చినట్టు. సరే, అందరూ తలా ఒక అంకె చెప్పండి, బుద్ధి పెట్టకుండా నోటికొచ్చింది చెప్పండన్నారు. చెప్పారు. అరవై, డెబ్భై మంది చెప్పాక చూస్తే ఒక్కడంటే ఒక్కడు తన ఇంటి అంకె చెప్పలేదు. ఎక్కువ మంది చెప్పింది తమకి గోడ తగాదా ఉన్న ఇళ్ళ అంకెలే. నోటికొచ్చింది అంటే ఇదన్నమాట!

చాపలామెకి ఇదంతా కోపంతో పాటు వింతగా కూడా తోచింది. మనిషి తలలోంచి వచ్చేదాంట్లో మనిషి ఉంటాడు, లెక్కలోంచి వచ్చేదాంట్లో నిన్న ఉంటుంది. రెండూ లేనిది ఎక్కడుంది? ఇంట్లో చూసినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుంది. గవ్వలు వేస్తే మణికట్టు తిప్పే నేర్పుంటుంది. కోడి ఎటు నడుస్తుందంటే నూకలు ఎటు చల్లితే అటు. ఉన్నట్టుండి ఆమె మొహం విప్పారింది.

"అమ్మా, వదినా, మిమ్మల్నే అడుగుతున్నా," అని ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మూకుట్లో జొన్నలు పోసి పేలాలు వేయిస్తారు కదా. ఎన్ని పేలతాయో, ఎన్ని పేలకుండా మిగుల్తాయో ఎప్పుడైనా ముందే చెప్పగలిగారా?"

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఒక ముసలమ్మ, "నా పెళ్ళైన దగ్గర్నుంచీ వేయిస్తున్నా. ఒక గింజ ఠప్పుమంటుంది, దాని పక్కనే అదే కంకి గింజ మొద్దులా పడుంటుంది. దాని మనసులో ఏముందో ఆ దేవుడికే తెలియాలి," అంది.

"అదే నాక్కావాలి. రోజూ పొద్దున గుప్పెడు జొన్నలు మూకుట్లో పోద్దాం. పేలినవన్నీ లెక్కపెడదాం. వందలు వదిలేసి చివరి రెండంకెలు తీసుకుందాం. ఇవాళ్టి గింజలకి నిన్నటి సంగతి తెలీదు. రేపటివి ఇవాళ్టి వాటిని అడగవు."

"చీటీలకి రాసినట్టు ఇంగువ రాస్తే?" అన్నాడెవరో.

"రాసుకోండి. గింజకి ముక్కు లేదు."

పంతులు ఊరుకోలేకపోయాడు. అలాంటి మాట చెవిన పడ్డాక ఊరుకోవడం అతని వల్ల కాదు. "అమ్మా, గింజ ఊరికే పేలదు. లోపల తడి ఎంతుందో, తొక్క ఎంత మందమో, మంట ఎటు తగిలిందో, అన్నిటికీ లెక్కుంటుంది. ఆ లెక్కంతా తెలిసినవాడికి ఇదీ నీ చాపలాంటిదే."

ఆమె నిజంగానే ఆలోచించింది. "అలా తెలిసినవాడు ఈ ఊళ్ళో ఉన్నాడాండీ?"

"లేడు."

"ఎక్కడైనా ఉన్నాడా?"

"తెలీదమ్మా. ఉండకపోవచ్చు. అసలు అంత లోపలికి పోతే లెక్కే ఉండదేమో కూడా. అది నాకు తెలీదు." తెలీదని పంతులు అనడం ఊరు వినడం అదే మొదలు. అతని మొహంలో ఎప్పుడూ లేని ఒక సంబరం కనిపించింది.

"వాడొచ్చాక చూద్దాం. అప్పటిదాకా ఇది చాలు."

అప్పటికప్పుడే చావడి ముందు మూడు రాళ్ళు పెట్టి మంట వేశారు. ముసలమ్మ గుప్పెడు జొన్నలు మూకుట్లో పోసి చీపురుపుల్లల కట్టతో కలిపింది. ఒకటి ఠప్పుమంది. రెండు, మూడు. అంతే, మూకుడంతా ఎగిరెగిరి పడింది. చుట్టూ పరిచిన చాపల మీదికి తెల్లగా పేలాలు రాలాయి. ఊరంతా మోకాళ్ళ మీద కూర్చుని ఏరింది. పదేసి పేలాలు ఒక కుప్ప, పది కుప్పలు ఒక వంద. ఇరవై ఒక్క రోజులుగా ఆవలించిన ఊరు ఊపిరి బిగబట్టుకుని లెక్కపెట్టింది.

ఆరు వందలు దాటాయి. ఆరు వందల యాభై. తొంభై. చివరి కుప్పలో తొమ్మిదే ఉన్నాయి.

ఆరు వందల తొంభై తొమ్మిది.

తొంభై తొమ్మిదో ఇంటివాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే నడుం పట్టుకుని, "నాకు రాత్రినుంచీ ఒకటే పోటు," అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. చాపలామె కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళకి ఆమె గుండెల మీంచి బరువు దిగింది.

చాపలతను తన పాదం వైపు చూసుకుంటున్నాడు. అతని బొటనవేలి పక్కన, చాప అంచు కింద సగం దూరి ఒక పేలం ఉంది. ఇంకెవరూ చూడలేదు. కాస్త కాలు జరిపితే నలిగిపోతుంది. ఆమె కళ్ళు తెరిచి అతన్ని చూసింది, అతను చూస్తున్నదాన్నీ చూసింది. నోరు తెరవలేదు. తెరవాలని లేదు కూడా, ఆ ఒక్క క్షణం అతను కాలు జరిపితే బాగుండునని మనసారా కోరుకుంది.

అతను వంగి, పుండ్లు పడ్డ వేళ్ళతో దాన్ని జాగ్రత్తగా తీసి చివరి కుప్ప మీద పెట్టాడు.

"ఇంకొకటుందండీ," అన్నాడు.

ఏడు వందలు. వందలు వదిలేస్తే సున్నా, సున్నా.

"అయ్యో, మళ్ళీనా!" అని ఊరు ఊరంతా అంది. ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇదేం చోద్యం, గింజలు కూడా కక్ష కట్టాయా? పెద్దాయనా, ఇది లెక్కలోకి రాదు, ఇంకో గుప్పెడు వేయిద్దాం," అన్నారు కొందరు. ఊరిపెద్ద మూకుడు వైపు చెయ్యి చాపాడు కూడా.

"వద్దండీ," అంది చాపలామె. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. "మీకు నచ్చలేదని ఇంకో గుప్పెడు వేస్తే, రేపు ఇంకొకళ్ళకి నచ్చదు."

"కాదమ్మా, మళ్ళీ మీకే పడింది కదా," అన్నాడు పెద్దాయన.

"మళ్ళీ కాదండీ. ఇదే మొదటిసారి."

ఆ మాట చాలామందికి అర్థం కాలేదు. సున్నా సున్నాయే కదా, ఇరవై రెండోసారి కదా అని చెవులు కొరుక్కున్నారు. పంతులొక్కడు తలెత్తి ఆమె వైపు చూసి, అరుగు మీంచి దిగి నిలబడ్డాడు.

చాపలతను అరచేతులకి గుడ్డ చుట్టుకుని లోయవైపు నడిచాడు. రోజూ అతని వెనక భార్య ఒక్కతే వెళ్ళేది. ఆ పొద్దున కాస్త దూరం పోయి వెనక్కి చూస్తే ఊరంతా వస్తోంది. రమ్మని ఎవరూ చెప్పలేదు. పలకరించుకోకుండా, ఎవరి ఆలోచనలో వాళ్ళు, తొంభై తొమ్మిది ఇళ్ళవాళ్ళూ అంచుదాకా వచ్చి నిలబడ్డారు. ఒకడు వంతెన ముళ్ళు వేలితో నొక్కి చూస్తున్నాడు. ఒకడు బుట్ట అడుగున గుద్ది చూశాడు. తొంభై తొమ్మిదో ఇంటివాడు నడుం నొప్పి మర్చిపోయి గట్టు మీద బోర్లా పడుకుని బుట్టని వేలాడదీసే తాడుని చేత్తో తడిమాడు, ఒక్కసారిగా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇదేంటిది! తొమ్మిది పేటల తాడిది. ఆరు పేటలు తెగిపోయాయి!"

అందరూ వంగి చూశారు. మిగిలిన మూడు పేటల్లో ఒకటి అప్పుడే నూగు లేస్తోంది.

ఊరిపెద్ద చాపలతని వైపు తిరిగాడు. "ఇంత అరిగిపోయిన తాడు మీద ఇన్నాళ్ళూ ఎలా దిగావయ్యా? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పానయ్యా," అన్నాడు చాపలతను. "రోజూ చెప్పాను."

ఒకడు పరుగెత్తి ఇంట్లోంచి కొబ్బరినార తెచ్చాడు. ఇంకొకడు తెచ్చాడు. గట్టు మీదే గుంపులు గుంపులుగా కూర్చుని పేనడం మొదలెట్టారు. ఊరిపెద్ద పంచె ఎగ్గట్టి ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస పంతులు పట్టుకున్నాడు. చాపలామె వాళ్ళ పేనకం చూసి ఇలా కాదని విప్పించి మళ్ళీ పేనించింది. చాపలతన్ని ఎవరూ చెయ్యి వెయ్యనివ్వలేదు, నీడలో కూర్చోబెట్టారు. ఎండ నడినెత్తికొస్తోంది.

అవతలి ఒడ్డున సరుకులతో వచ్చిన బేరగాళ్ళు నిలబడి కేకలేస్తున్నారు. "ఏంటింత ఆలస్యం? దిగేది ఆ చాపలతనే కదా, రోజూలాగే!"

"ఇవాళ అతనే!" అని ఇవతలి నుంచి తొంభై తొమ్మిదో ఇంటివాడు గొంతు చించుకుని అరిచాడు. అతని ఒళ్ళో తొమ్మిదో పేట ఇంకా సగంలోనే ఉంది. "రేపు ఎవరో తెలీదు! కాస్త ఆగండి, తాడు గట్టిగా పేననివ్వండి!"